చక్రానికీ రేకుకీ మధ్య

ఆ ఎండాకాలం వచ్చేనాటికి మా అన్న బాలమల్లు నాతో నేరుగా మాట్లాడి ఆరేళ్లు దాటింది. మొహం చాటేశాడని కాదు. పండగకు కబురు పెట్టేవాడు. నేను కామారెడ్డి వెళ్తే పక్కన కూర్చోబెట్టుకుని తినేవాడు. నా కంచంలో కూర తగ్గితే ముందు ఆయనే చూసేవాడు. కాకపోతే "ఆయనకు ఇంకింత వెయ్యి" అని మా వదినతో చెప్పేవాడు. మోకాలు మోకాలు తగిలేంత దగ్గర్లో కూర్చున్న నేను ఆయనకు 'ఆయన'ను. నేను మాత్రం తక్కువ తిన్నానా, "చాలని చెప్పు వదినా" అనేవాణ్ని. మా మాటలు అటూ ఇటూ మోసి మోసి వదిన విసిగిపోయింది, మా ఆవిడ రమ విసిగిపోయింది, ఆఖరికి మమ్మల్ని కన్న అవ్వ ఎంకవ్వ కూడా మీ ఇద్దరి మధ్య నన్ను పెట్టకండని చెప్పేసింది.

గొడవ ఒక కారు గురించి. అప్పట్లో కామారెడ్డిలో మా ఇద్దరిదీ ఒకటే షాపు. రోడ్డు వైపు నా టైర్లు, వెనక రేకుల షెడ్డులో బండ్ల సొట్టలు తీసే అన్న డెంటింగ్ పని. ఎక్కడో గుద్దుకుని వచ్చిన ఒక కారును ఇద్దరం కలిసి బాగుచేసి ఇచ్చాం. వారం తిరక్కుండా ఆ కారాయన వచ్చి బండి ఎడమ పక్కకు లాగుతోందన్నాడు. చక్రాల అలైన్‌మెంట్ కుదరలేదని అన్న అన్నాడు. బాడీయే వంకరగా కూర్చుందని నేనన్నాను. నలుగురి ముందు అన్నాం కాబట్టి వెనక్కి తగ్గడానికి ఇద్దరికీ దారి లేకపోయింది. నేను ఎల్లారెడ్డి వెళ్లి బస్టాండు దగ్గర వేరే షాపు పెట్టుకున్నాను. తప్పు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

అన్న తప్పు ఒప్పుకోవాలని నాకు లేదు. ఆయన నన్ను 'నగేశ్' అని పిలవాలి, అంతే. పానా అందియ్యి నగేశ్, లైటు పట్టు నగేశ్ అని రోజంతా వినిపించే గొంతు ఒక్కసారిగా ఆగిపోతే ఎలా ఉంటుందో చెప్పలేను. ఉత్త పిలుపు కోసం గడ్డం నెరుస్తున్న మనిషి ఇంత బాధపడతాడా అంటే, పడతాడు. నేను పడ్డాను.

ఇలా ఉండగా అన్న కూతురు వినీత ఒక పాత తెల్ల హోండా సిటీ కొనుక్కొచ్చి కామారెడ్డి షెడ్డులో నిలబెట్టింది. వినీత హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. సెలవు దొరికితే ఏదో ఒక మైదానంలో కోన్ల మధ్య కార్లు తిప్పే పోటీలకు పోతుంది. మా ఇంట్లో ఆడా మగా అందరికంటే బాగా నడుపుతుంది, ఆ మాట నాకు చెప్పడానికి నామోషీ ఏమీ లేదు. రాబోయే వానాకాలం మొదట్లో కోయంబత్తూరు వైపు ఒక ట్రాకు మీద పోటీ ఉందనీ, దానికి ఈ బండిని తయారుచేయాలనీ వచ్చింది. సీట్లు, కార్పెట్లు పీకి పారేసింది. డ్రైవరుకు మాత్రం ఇరుకైన పోటీ సీటు ఒకటి బిగించింది. ఇక ముఖ్యమైన పని బండిని వెడల్పు చేయడం. మలుపులో జారకుండా పట్టుకోవాలంటే వెడల్పు టైర్లు కావాలి. వెడల్పు టైర్లు పెడితే అవి బాడీ దాటి బయటికి వస్తాయి. అందుకని నాలుగు చక్రాల మీది రేకును కోసి, బయటికి ఉబ్బించి, మళ్లీ అతకాలి. రేకు బాపుది, చక్రాలు కాకవి అని వినీత వాళ్ల నాన్నకూ నాకూ పని పంచి హైదరాబాదు వెళ్లిపోయింది.

ఈ పనికి ఒక వరస ఉంది. అది అన్నకూ తెలుసు, నాకూ తెలుసు. ముందు చక్రాలు ఎంచుకుని బండికి బిగించాలి. బండిని నేల మీదికి దించి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. ఆ తర్వాతే ఆ చక్రం చుట్టూ రేకు కొట్టాలి. కానీ అలా చేయాలంటే నేను కామారెడ్డి వెళ్లి అన్న పక్కన నిలబడాలి. ఇంత లోపలికా, ఇంత బయటికా అని ఒకర్నొకరు అడగాలి. ఆ గండం దాటడానికి ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోకుండానే ఒకే ఉపాయం పట్టాం. ఆయన కామారెడ్డిలో రేకు మొదలుపెట్టాడు, నేను ఎల్లారెడ్డిలో చక్రాలు వెతకడం మొదలుపెట్టాను. మధ్యలో వినీత ఫోను.

అన్న ఫోనులో మాట రికార్డు చేసి ఆమెకు పంపేవాడు, ఆమె దాన్ని నాకు పంపేది. "మీ కాకకు చెప్పు, పక్కకు రెండంగుళాలు తీస్తున్న" అన్న గొంతు నా షాపులో కంప్రెసరు పక్కన వినిపించింది. అందులో నాకు కావలసిన అంకె ఒక్కటే. అయినా ఆ మాటను రెండు మూడు సార్లు పెట్టుకుని విన్నాను. రమ చూసి, రెండంగుళాలకు అన్ని సార్లు వినాలా అని నవ్వింది.

ఫైబరుతో తయారై వచ్చే ఉబ్బెత్తు ముక్కలు దొరుకుతాయి, తెచ్చి బిగిస్తే అయిపోతుంది. అన్నకు అవి గిట్టవు. ఇసుక సంచీ మీద రేకు పరిచి చెక్క సుత్తితో కొట్టి గుండ్రం తెప్పిస్తున్నాడని వదిన ఫోనులో చెప్పింది. పొద్దంతా ఆ చప్పుడే అట. షెడ్డు పక్క వరండాలో బీడీలు చుట్టుకునే అవ్వ మాత్రం, గ్రైండరు పొట్టు వచ్చి తంబాకులో పడుతోందని చాట పట్టుకుని లోపలికి మారిందట.

నా పని చప్పుడు లేనిది, కానీ తలనొప్పి దానిలోనే ఉంది. చక్రం ఎంచడమంటే వెడల్పు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆఫ్‌సెట్ అని ఒక లెక్క ఉంటుంది. రిమ్ము హబ్బుకు ఆనుకునే చోటు రిమ్ము నడిమధ్య నుంచి ఎంత బయటికి ఉందో చెప్పే అంకె అది. ఆ అంకె పెద్దదైతే చక్రం బండి లోపలికి ముడుచుకుంటుంది, చిన్నదైతే బయటికి వస్తుంది. హైదరాబాదు డీలరు దగ్గర రెండు సెట్లు ఉన్నాయి. మొదటిది అన్న చెప్పిన రెండంగుళాలకు అచ్చంగా సరిపోతుంది. రెండోది కొంచెం సన్నం, రేకు అంచుకు ఒక అంగుళం ఇవతలే ఆగిపోతుంది.

బండి కోసం చూస్తే మొదటిదే తేవాలి. కానీ నా కళ్లకు బండి కనిపించలేదు, అన్న కనిపించాడు. చేత్తో కొట్టిన రేకు ఎక్కడో ఒక గీత తక్కువ పడిందే అనుకుందాం. మలుపులో బండి ఒరిగినప్పుడు రేకు అంచు టైరును కోస్తుంది. అప్పుడు అందరూ బాలమల్లు రేకు తక్కువ కొట్టాడంటారు. మళ్లీ ఒక కారు, మళ్లీ మేమిద్దరం, మళ్లీ నలుగురు. వద్దనుకున్నాను. ఈసారి నేనే తగ్గుదామనుకుని రెండో సెట్టు తెప్పించాను. ఎందుకు అది తెచ్చానో రమకు కూడా చెప్పలేదు.

వినీత సెలవు మీద వచ్చిన రోజు, నాలుగు చక్రాలకూ టైర్లు ఎక్కించి ట్రాలీ ఆటోలో వేసుకుని, లింగంపేట మీదుగా కామారెడ్డి చేరాను. అన్న పనితనం చూస్తూ బండి చుట్టూ ఒకసారి తిరిగాను. నాలుగు మూలలా రేకు నిండుగా ఉబ్బి, ఒక్క అతుకు కనపడకుండా బాడీలో కలిసిపోయింది. గర్వంగా అనిపించింది, ఆ సంగతి చెప్పడానికి మాత్రం వదిన పక్కన లేదు. చక్రాలు నేనే బిగించాను. జాకీ దించాం. అందరం రెండడుగులు వెనక్కి వేసి చూశాం.

తండ్రి చొక్కా తొడుక్కున్న పిల్లవాడి చేతుల్లాగా చక్రాలు ఎక్కడో లోపల ఉండిపోయాయి. రేకుకూ టైరుకూ మధ్య నా మూడు వేళ్లు అడ్డంగా దూరేంత సందు. నాలుగు మూలలా అంతే.

అన్న కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఇవేం రిమ్ములో మీ కాకను అడుగమని వినీతకు చెప్పాడు. రెండంగుళాలన్నది ఇంత ఎట్లయిందో మీ బాపును అడుగమని నేనూ వినీతకే చెప్పాను. వినీత టేపు పట్టి కొలిచింది. అన్న తీసింది మూడంగుళాలు. ఆ టేపును బానెట్టు మీద పెట్టి మా ఇద్దరినీ ఒక్కసారి చూసింది.

"ఇగ నాతోని కాదు. నేను చాయ్ తాగనీకి పోతున్న. మీదాంట్ల మీరే సూస్కోండ్రి."

నిజంగానే వెళ్లిపోయింది. వదిన బజారుకు పోయి ఉంది. అన్న, గ్రైండరు ఆగాక మళ్లీ వరండాలోకి వచ్చి కూర్చున్న అవ్వ వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. అవ్వ తల ఎత్తకుండానే, బీడీల కట్ట కడుతున్నాను, నన్ను మాట్లాడించకు, లెక్క తప్పుతుంది అంది.

ఇక మిగిలింది కారు. అన్న దానితోనే మాట్లాడాడు. ఇంత కష్టపడి కొడితే దీనికి ఈ గతి పట్టిందేమని దాన్నే అడిగాడు. నేను కూడా కారుకే జవాబు చెబుదామా అని ఆలోచించాను. అంతలో ఆయన ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, ఆ సందులో వేళ్లు పెట్టి, నా వైపు చూడకుండా అడిగాడు.

"గింత లోపటికి ఎందుకు తెచ్చినవ్?"

వినడానికి అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. అయినా ఒకసారి వెనక్కి చూసుకున్నాను.

"టైరు రేకుకు తాకుతదేమోనని."

"తాకితే ఏమైతది?"

"నీ రేకు తక్కువ వడ్డదంటరు."

అన్న వేళ్లు సందులోనే ఉన్నాయి.

"నేను గా అంగుళం ఎక్కువ తీసిన. టైరు తాకితే నీ లెక్క తప్పిందంటరని."

ఇద్దరం నవ్వలేదు. అన్న భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, అవసరమైన దానికంటే ఎక్కువ సేపే తుడుచుకున్నాడు. నేను చక్రం బోల్టులు మళ్లీ బిగించాను. అవి ముందే గట్టిగా ఉన్నాయి.

ఆ తర్వాత పోట్లాట మొదలైంది. రేకు కోసి సాయంత్రానికల్లా అంగుళం తగ్గిస్తానన్నాడు అన్న. దానికి గ్రైండరు తగిలిస్తే ఊరుకోనన్నాను నేను. నీ చక్రాలకేమైంది, బాగున్నాయి అన్నాడాయన. నీ రేకు ఇంకా బాగుంది, చక్రాలే మారుస్తానన్నాను. డీలరు మళ్లీ తీసుకోడన్నాడు. ఎందుకు తీసుకోడు, టైర్లు రోడ్డు మొహమే చూడలేదన్నాను. ఇద్దరి గొంతులూ లేచాయి. ఎదురు దుకాణం వాళ్లు తొంగి చూశారు. చేతిలో చాయ్ గ్లాసులతో వినీత గేటు దగ్గరే ఆగిపోయింది. ఎవరికి ఎవరు తగ్గాలన్న గొడవే అది కూడా, కాకపోతే ఈసారి ఇద్దరం ఎదుటివాడి పని కాపాడడానికి అరుస్తున్నాం.

"నగేశ్, నోరు మూస్కొని జాకీ లేపు" అన్నాడు అన్న.

లేపాను. చక్రాలు విప్పుతున్నంతసేపూ తల ఎత్తలేదు. ఎత్తితే మొహం చూసి వినీత ఏడిపిస్తుందని తెలుసు.

చివరికి గెలిచింది నేనే, న్యాయంగానే గెలిచాను. మూడంగుళాల చోటు దొరికింది కాబట్టి ముందు అనుకున్న దానికంటే వెడల్పు టైర్లు పడతాయి. అంటే అన్న ఎక్కువ తీసిన అంగుళం వల్ల బండికి మేలే జరిగింది. ఆ ముక్క విన్నాకే ఆయన గ్రైండరు పక్కన పెట్టాడు. డీలరు నాలుగు మాటలన్నా, చక్రాలు మార్చి ఇచ్చాడు.

మిగిలిన ఎండాకాలమంతా నేను పొద్దున షాపు చూసుకుని మధ్యాహ్నం బస్సుకు కామారెడ్డి వచ్చేవాణ్ని. ఎల్లారెడ్డి షాపును రమ చూసుకుంది, నాకంటే బాగా చూసుకుందని అందరూ అన్నారు. ఇప్పుడు వరస ప్రకారం చేశాం. చక్రం బిగించడం, దించడం, స్టీరింగు తిప్పడం, టైరు అంచుకు సుద్ద రాయడం. రేకుకు ఎక్కడ తెల్లగా అంటితే అక్కడ తాకినట్టు. తాకిన చోట అన్న రేకు అంచును లోపలికి మడిచేవాడు, లేదా నేను చక్రం తలను కొంచెం లోపలికి వాల్చేవాణ్ని. ఎవరు చేయాలన్న దానికి ప్రతిసారీ ఒక వాదన. టైరు రేకుతో సమానంగా, గీత గీసినట్టు ఉండాలని అన్న. ఒరిగినప్పుడు కదలడానికి ఇంత చోటుండాలని నేను. చక్రానికి అటొకడు ఇటొకడు బండి కింద పడుకుని, మొహాల మీద సుద్దపొడి రాలుతుంటే వాదించుకునేవాళ్లం.

ఒక చిక్కు వచ్చింది. డ్రైవరు కూర్చుంటేనే బండి సరిగ్గా కిందికి దిగుతుంది, వినీతేమో హైదరాబాదులో ఉంటుంది. నేను కూర్చుంటే పని చేసేవాడు తక్కువవుతాడు. పైగా నా పొట్టకు ఆ పోటీ సీటు చాలలేదు. అన్న వరండాలోకి చూశాడు. అవ్వ, వినీత ఇంచుమించు ఒకే బరువుంటారు. అవ్వ మొదట ససేమిరా అంది. బీడీలు ఆగిపోతాయంది. చాట తీసుకుని వచ్చి ఇక్కడే చుట్టుకో అన్నాం. ఇది ఎటూ పోదు కదా అని రెండు సార్లు అడిగి, ఇద్దరం చెరో రెక్కా పట్టుకుంటే ఎక్కి కూర్చుంది. ఒడిలో చాట, చేతిలో కత్తెర, ముందర స్టీరింగు. అన్న బయటి నుంచి చేయి పెట్టి స్టీరింగు తిప్పేవాడు, నేను కింద సుద్ద చూసేవాణ్ని, అవ్వ ఆకు కత్తిరిస్తూ మా ఇద్దరికీ చీవాట్లు పెట్టేది. రెండు రోజుల తర్వాత, ఈ సీటు నడుముకు మంచిగుంది, కారు పోయినంక దీన్ని వరండాలో వెయ్యమంది. ఇంత బాగా గడిచిన ఎండాకాలం నా జీవితంలో ఇంకొకటి లేదు.

పోటీకి కారును లారీ మీద ఎక్కించి అన్న, నేను కూడా వెళ్లాం. అక్కడికి వచ్చిన బండ్ల ముందు మాది ఒడ్డూ పొడుగూ ఉన్న మోటు మనిషిలా ఉంది. వినీత తిరిగి వచ్చిన ప్రతిసారీ నేను టైర్ల మీద అరచెయ్యి ఆనించి వేడి చూసి గాలి సరిచేసేవాణ్ని. అన్న రేకు అంచుల లోపల వేళ్లతో తడిమేవాడు. ఆమె గెలవలేదు, మధ్యలో ఎక్కడో నిలిచింది. కానీ ఒక్కో చుట్టుకూ వేగం పెంచుకుంటూ పోయింది. ఆఖరి చుట్టు అయ్యాక హెల్మెట్ తీసి, చెమటతో తడిసిన మొహంతో మా ఇద్దరి వైపూ చూసింది.

"బాపూ, కాకా, ఎక్కడ గూడ తాకలే" అంది.

అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎందుకు వేశాడో గుర్తు లేనట్టు చాలాసేపు అక్కడే ఉంచాడు.

తిరిగి వచ్చాక వినీత కారును హైదరాబాదు తీసుకెళ్లిపోయింది. షెడ్డు ఖాళీ అయింది. నేను ఎల్లారెడ్డి వచ్చి మామూలుగా షాపులో కూర్చున్నాను. అప్పుడు పట్టుకుంది భయం. ఇన్నాళ్లూ మేం మాట్లాడుకుంది చక్రం గురించి, రేకు గురించి. రిమ్ము వచ్చిందా అని ఆయన ఫోను, అంచు మడిచావా అని నా ఫోను. ఇప్పుడు కారు లేదు, అడగడానికి ఏమీ లేదు. మళ్లీ 'ఆయనకు ఇంకింత వెయ్యి' దగ్గరికే పోతామేమోనని దిగులు పట్టుకుంది. నేనే ఫోను చేద్దామని తీసేవాణ్ని, ఏ పని మీద చేశానని చెప్పాలో తోచక పెట్టేసేవాణ్ని. రమ చూస్తూ ఉండేది.

మొదటి పెద్ద వాన పడిన మధ్యాహ్నం ఒక ట్రాక్టరు పంచరై వచ్చింది. దాని పెద్ద టైరు విప్పి ట్యూబు నీళ్లతొట్టిలో ముంచి చూస్తుంటే ఫోను మోగింది. అన్న. తడి చేయి ప్యాంటుకు తుడుచుకుని ఎత్తాను. కారుకు ఏదో అయిందనుకున్నాను.

"నగేశ్, ఎల్లారెడ్డిల వాన వడ్డదా?"

"వడ్డదన్నా. మంచిగనే కొట్టింది. కామారెడ్డిల?"

"ఈడ గూడ వడుతుంది."

తర్వాత అసలు పని చెబుతాడని ఫోను చెవికి పెట్టుకుని ఆగాను. రేకుల షెడ్డు మీద వాన పడే చప్పుడు అవతలి నుంచి వినిపిస్తోంది. అన్న కూడా దాన్నే వింటున్నట్టున్నాడు. కాసేపటికి, సరే మరి ఉంటా అని పెట్టేశాడు.

ఎవరి ఫోను అని ట్రాక్టరాయన అడిగాడు. మా అన్న అని చెప్పాను. ఏం పని మీద చేశాడని అడిగాడు.

"పనేం లేదు" అన్నాను. "ఉత్తగనే చేసిండు."